సున్నా ముందు గీత

ఆ ఉదయం కిజిల్‌కుమ్ ఎడారి గాలి చెవులు కోసేస్తోంది. అందుకే ఓల్టినోయ్ గాలిలో విషవాయువును కొలిచే మీటరు పట్టుకుని బయటికి వెళ్లలేదు. ఆ మిథనాల్ కార్ఖానాలో నియమం ఒకటే: పని మొదలుపెట్టే ముందు ఆరుబయట గాలిలో నిలబడి మీటరును సున్నాకు తేవాలి. పన్నెండేళ్లుగా తను కొత్తవాళ్లను తిట్టి తిట్టి నేర్పిన నియమం అది. ఆవేళ మాత్రం, ఎవరు చూడొచ్చారులే అని, వర్క్‌షాపులో పొయ్యి పక్కనే నిలబడి బటన్ నొక్కేసింది.

అంతకు కాసేపటి ముందే ఎవరో బల్ల మీద తీగల మొనలు స్పిరిటుతో తుడిచి వెళ్లారు. ఆ వాసనకు అలవాటుపడిన ముక్కు కనుక ఆమె పట్టించుకోలేదు. మీటరు లోపలి సెన్సరు పట్టించుకుంది. దానికి మిథనాలూ స్పిరిటూ ఒకటే. స్పిరిటు నిండిన ఆ గాలినే శుభ్రమైన గాలి అనుకుంది పాపం.

చలికి సెన్సరు మొద్దుబారుతుందని మీటరును కోటు లోపల దాచుకుని పంపు గొయ్యి దగ్గరికి నడిచింది. కారుతున్న సీలు మార్చడానికి దిగవలసినవాడు ఆమె తమ్ముడు శోమురాద్. మీటరుకు తాడు కట్టి గొయ్యిలోకి దించింది. పన్నెండు చూపించింది. రెండువందలు దాటితేనే భయం.

"ఏంటక్కా, అంతసేపు చూస్తున్నావు? నేనేమన్నా పెళ్లిచూపులకెళ్తున్నానా?" అన్నాడు నడుముకు తాడు బిగించుకుంటూ.

"నీ మొహానికి పెళ్లిచూపులొకటి! దిగరా బాబూ, దిగు."

"మరి మాస్కు?"

"పన్నెండుకి మాస్కెందుకయ్యా," అన్నాడు ఫోర్‌మన్ బెక్‌పులాద్. ఓల్టినోయ్ తలూపి అనుమతి కాగితం మీద సంతకం చేసింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. మీటరును గొయ్యి కమ్మీ మీద పెట్టి గిన్నెలోకి గ్రీన్ టీ వంపుకుంటూ అటు చూసింది. ఆరువందల నలభై! ఆరుబయట, ఇంత గాలిలోనా? దగ్గరికి తీసి చూసింది. అంకెల ముందు చిన్న గీత ఉంది.

మైనస్.

శుభ్రమైన గాలిలో సున్నా చూపవలసింది, సున్నాకు ఆరువందల నలభై కిందికి జారింది. అంటే గొయ్యిలో ఉన్నది పన్నెండు కాదు, ఆరువందల యాభైకి పైమాటే. అదీ సీలు విప్పకముందు సంగతి. టీ గిన్నె చేతిలోంచి జారిపోయింది.

"అన్నా, వాణ్ణి పైకి లాగండి!"

"నాలుగు బోల్టులే మిగిలాయమ్మా, పది నిమిషాల్లో..."

"నా కొలత తప్పన్నా! తప్పు నేనే చేశాను! లాగండి!"

అప్పుడే గొయ్యిలోంచి తాగినవాడి గొంతుతో పాట వినిపించింది. శోమురాద్ పనిలో ఎన్నడూ పాడేవాడు కాదు. బెక్‌పులాద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరూ తాడు అందుకున్నారు. పైకి వచ్చినవాడు తూలుతూ, "ఏంటక్కా, ఇద్దరున్నావేంటి?" అని నవ్వాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు ఎక్కించింది. మిథనాల్ ముందు కళ్లమీద పడుతుందనీ, చూపు సంగతి మర్నాటి దాకా చెప్పలేననీ అంది.

వసారాలో బెక్‌పులాద్ గొంతు తగ్గించాడు. "సెన్సరు పాడైందని రాసేద్దామమ్మా. యంత్రానికేం, ఉద్యోగం పోతుందా?"

"యంత్రం బాగానే ఉందన్నా. సున్నా ఎక్కడుందో దానికి నేనే అబద్ధం చెప్పాను," అంది ఓల్టినోయ్. అదే మాట తన పేరుతో రాసిచ్చింది.

మర్నాడు ఉదయం తమ్ముడి మంచం పక్కన కిటికీ తెరిచింది. ఆపకుండా, సున్నా సరిచేయకుండా ఉంచిన మీటరును బయటి గాలిలోకి పట్టి, అంకెల అద్దం అతని వైపు తిప్పింది.

"చదువు."

శోమురాద్ కళ్లు చికిలించాడు.

"ఆరు... నాలుగు... సున్నా."

"ఇంకేం లేదా?"

"ముందు చిన్న గీత ఉంది. మైనస్." అక్క ముఖంలోకి చూశాడు. "ఇంత స్పష్టంగా ఉంటే నీకెలా కనిపించలేదే?"

"చూడలేదురా," అంది ఓల్టినోయ్. అంతే, ఆ మంచం కోడు పట్టుకుని కింద కూలబడి, వార్డు వార్డంతా వినేలా ఏడ్చింది.