తిరిగొస్తానని చెప్పకుండా

జపాన్‌లోని యైజు రేవులో చేపల వేలం ముగిశాక ఆడవాళ్ళు కొందరు ఊరి హాల్లో ఇంగ్లీషు క్లాసుకి వెళ్తారు. కొత్త భాష మాట్లాడుతున్నంతసేపూ, ఆ భాష రానివాళ్ళ కంటికి మనిషి ఆనదు, గొంతు వినపడదు. హాలు ఊడ్చే ముసలాయనకి ఇంగ్లీషు రాదు. "కాళ్ళు కాస్త పైకెత్తండమ్మా" అని ఖాళీ కుర్చీలకి చెప్పి, చీపురు ఆడించుకుంటూ పోతాడు.

నోబుయె సరదాకి నేర్చుకోవడం లేదు. ఆమె మొగుడు తెత్సురో తాగినా కొడతాడు, తాగకపోయినా కొడతాడు. సూపు చల్లారిందని ఒకసారి పన్ను రాలగొట్టాడు. ఏ కారణమూ చెప్పకుండా ఇంకోసారి పక్కటెముక విరగ్గొట్టాడు. ఇంట్లోంచి స్టేషను దాకా ఆపకుండా ఇంగ్లీషు మాట్లాడగలిగితే ఆమె ప్రాణాలతో బయటపడుతుంది. అందుకే వాన మీద, జలుబు మీద, పొరుగువాళ్ళ మీద ఇంగ్లీషువాళ్ళకున్న పలుకుబళ్ళన్నీ బట్టీ పట్టింది.

వసంతంలో ఒక పొద్దున, కుక్కలూ పిల్లులూ కురిసే వాన గురించి ఇంగ్లీషులో వల్లిస్తూ మొగుడి పక్కనుంచే నడిచింది. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తాను" అని జపనీసులో అనేసింది.

తెత్సురో జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చాడు. ఆమె కుడిచేతి వేళ్ళు తలుపు సందున పెట్టి మూశాడు.

"ఎక్కడికే వెళ్ళొచ్చేది? చెప్పు, నేనూ వస్తా" అంటూ మళ్ళీ మూశాడు.

చేతికట్టుతోనే క్లాసుకి వచ్చి, ఇంగ్లీషు చెప్పే ఇవాసే టీచరుని అడిగింది నోబుయె.

"ఇంగ్లీషువాళ్ళు గుమ్మం దాటుతూ ఏమంటారు టీచరుగారూ?"

"ఐ యామ్ ఆఫ్ అంటారమ్మా. పోతున్నానని. తిరిగొస్తానని మాటివ్వరు."

"అలా అనకూడదు కదండీ. అపశకునం."

"నీకు శకునాలు కావాలా, వేళ్ళు కావాలా?"

తర్వాతిసారి నోబుయె ఇంగ్లీషు వల్లిస్తూ గది దాటుతుంటే నేల కిర్రుమంది. తెత్సురో కర్ర అందుకుని గాలిలోకి విసిరి విసిరి కొట్టాడు. ఒక దెబ్బ సరిగ్గా కట్టుకట్టిన వేళ్ళ మీదే పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అమ్మా అన్న కేక గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఔచ్" అంది, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు. బూట్లు తొడుక్కుంది.

"ఐ యామ్ ఆఫ్."

తెత్సురో సాయంత్రం దాకా ఖాళీ ఇంట్లో కర్ర తిప్పుతూనే ఉన్నాడు. అప్పటికి నోబుయె రైల్లో కిటికీ పక్కన, ఏ భాషా మాట్లాడకుండా, అందరికీ కనపడుతూ కూర్చుని ఉంది.