అరవై మూడో ధార

పానా మేస్త్రి మాట్లాడటం మానేసి రెండేళ్ళయింది. అంతకుముందు ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు.

అసలు పేరు పెళ్ళి శుభలేఖ మీద తప్ప ఎక్కడా కనపడదు. జేబులో ఎప్పుడూ ఒక పానా ఉండేది కాబట్టి ఆయన పానా మేస్త్రి, ఆయన్ని కట్టుకుంది కాబట్టి ఆవిడ మేస్త్రమ్మ. కుళాయిలు, పైపులు, ట్యాంకులు ఆయన పని. ఎవరింట్లో సింకు కింద దూరినా అక్కణ్ణించే ఉపన్యాసం మొదలయ్యేది. చెత్తపని కనపడితే "ఈ జాయింటు వేసిన మహానుభావుడెవరండీ" అని వెక్కిరించేవాడు. మంచిపని కనపడితే మాత్రం, చేసినవాడెవడో తెలియకపోయినా, పైపుకే దండం పెట్టేవాడు. జనం రెండోసారి టీ పెట్టి మరీ వినేవాళ్ళు. ఇంట్లో మాత్రం, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఆ కబుర్లు చెల్లేవి కావు. "అన్నం చల్లారిపోతోంది, ఆపండి మీ పైపుల పురాణం" అనేది మేస్త్రమ్మ. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ ముక్క రోజుకి రెండుసార్లయినా అని ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఒక లాడ్జి మీద ట్యాంకు బాగుచేస్తుంటే నిచ్చెన జారింది. తొడ ఎముకలో రాడ్డు వేశారు. నాలుగు నెలలకి కాలి కట్టు విప్పారు గానీ, నోటికి పడ్డ కట్టు ఎవరూ విప్పలేకపోయారు. నడిచేవాడు, తినేవాడు, అడిగితే ఊఁ అనేవాడు. పనిముట్ల సంచి తలుపు వెనక మేకుకి తగిలించింది తగిలించినట్టే ఉండిపోయింది. బల్బు మార్చడానికి స్టూలు కూడా ఎక్కేవాడు కాదు. ఇంతలో వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది. మేస్త్రమ్మ వేరే మేస్త్రిని పిలవకుండా దాని కింద ఇత్తడి గిన్నె పెట్టింది, ఆ టప్ టప్ వింటే అయినా ఆయన చెయ్యి ఊరుకోదేమోనని. ఏడు నెలలైంది. గిన్నె నిండితే ఆయన పారబోసి, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టేవాడు. మొదటిసారి అది చూసినప్పుడు ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆయన ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు లిఫ్టు పక్కన గోడకి యాత్రల కంపెనీ వాళ్ళ కాగితం ఒకటి అంటించి ఉండేది. హిమాలయాల్లో ఒక గుడి. విష్ణుమూర్తి అని మనవాళ్ళు కొలిచే విగ్రహాన్నే బౌద్ధులు కరుణామయుడైన బోధిసత్వుడని కొలుస్తారట. గుడి వెనక నూట ఎనిమిది నీటిధారలు. మందుల చీటీ చేతిలో పట్టుకుని, లిఫ్టు కోసం నిలబడి మొక్కేసింది మేస్త్రమ్మ. "మనిషిని తిరిగియ్యి స్వామీ. ఇద్దరం వచ్చి నూట ఎనిమిది ధారల కిందా తడుస్తాం" అని.

స్వామి ఇచ్చాడు. సగమే ఇచ్చాడు. మేస్త్రి పెళ్ళాంగా ఆవిడకి సగం పని చేసి వెళ్ళిపోయేవాళ్ళంటే మహా మంట. అయినా మన మాట మనం నిలబెట్టుకుంటే మిగతాది అడగడానికి నోరుంటుంది కదా అని, టూరుకి ఇద్దరి పేర్లూ రాయించింది. ఆయన్ని అడిగితే ఊఁ అన్నాడు.

చిన్న విమానం, ఆ తర్వాత ఎముకలు కదిలిపోయే జీపు, ఆ తర్వాత మెట్లు. పన్నెండు వేల అడుగుల ఎత్తున గాలి కూడా లెక్కపెట్టి పోస్తున్నట్టుంది. మెళ్ళో విజిల్ వేసుకుని గొర్రెలమందని తోలినట్టు అందర్నీ తోలుతున్నాడు టూరు మేనేజరు. జీపులో వీళ్ళ పక్కసీటు రిటైర్డ్ హెడ్మాస్టారు, ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు తీసే మనిషి. చుట్టూ తెల్లటి కొండలు ఎండలో ధగధగలాడుతున్నాయి. అందరూ ఆహా ఓహో అంటున్నారు. మేస్త్రి చేతికర్ర ఊతంతో తలవంచుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. మెట్లంటే ఆయనకి భయం లేదు. నిచ్చెనంటేనే భయం.

గుడి చిన్నది, ఒకదానిమీద ఒకటి మూడు కప్పులు. దాని వెనక అర్ధచంద్రాకారంలో రాతిగోడ. గోడ పొడుగునా, మనిషి తలకి కాస్త పైన, వరసగా ఇత్తడి ఎద్దు ముఖాలు. ఒక్కోదాని నోట్లోంచి బొటనవేలంత లావున నీళ్ళు, మంచు కరిగి అప్పుడే దిగినట్టున్న నీళ్ళు. మేస్త్రమ్మకి ఒళ్ళు పులకరించింది. ఎంత బాగుందో ఎవరికైనా చెప్పాలనిపించి పక్కకి చూసింది. మేస్త్రి ఊఁ అనలేదు. కానీ తల ఎత్తాడు.

"నలభై నిమిషాలే టైము! పెద్దవాళ్ళు నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలు!" అని మేనేజరు విజిల్ ఊదాడు.

మేస్త్రమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. తడిసే ముందు సరుకు సరిచూసుకోవాలి కదా. ఎడమ చివర నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. నూట ఏడే పారుతున్నాయి. అరవై మూడో ఎద్దు నోరు ఎండిపోయి ఉంది.

"రాత్రి చలికి గడ్డకట్టుంటుంది పిన్నిగారూ. ఒకటి తగ్గితే ఏమైంది? దేవుడు సర్దుకుంటాడు" అన్నాడు మేనేజరు.

"దేవుడు సర్దుకుంటాడేమో గానీ నేను సర్దుకోను బాబూ. నూట ఎనిమిదని మొక్కాను."

ఎవరో వేడినీళ్ళు పోసిన ఆనవాళ్ళు ఆ ఎద్దు మూతి దగ్గర ఉన్నాయి, గోడమీద తడి, సన్నటి ఆవిరి. అంతలో ఆ పోసిన మనిషే వచ్చింది. మెరూన్ రంగు బట్టలు, నున్నగా గొరిగిన తల, ఎండకీ చలికీ ముడతలు పడ్డ ముఖం, చేతిలో పొడుగుమూతి కెటిల్. బౌద్ధ సన్యాసిని. వయసు డెబ్భై దాటే ఉంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి గడ్డకట్టిన ధారలన్నిటినీ విడిపించేది ఈవిడేనని మేనేజరు చెప్పాడు. ఆవిడ కాలివేళ్ళ మీద నిలబడి ఎద్దు మూతిలో సన్నగా వేడినీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

"అక్కడ కాదు."

మేస్త్రమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అన్నది మొగుడే.

"మూతి దగ్గర కాదు. వెనకాల, కాలవలో పట్టి ఉంటుంది. ముందు నుంచి పోస్తే ఏం లాభం?"

వారం మొత్తానికి ఇన్ని మాటలు లేవు. సన్యాసినికి భాష తెలియదు. కానీ గోడ వెనక్కి ఆయన చెయ్యి చూపించిన తీరు అర్థమైంది. నవ్వి, కాదన్నట్టు తల ఊపి, ఎద్దు గొంతు మీద వేలు పెట్టి చూపించింది. మేస్త్రి మళ్ళీ గోడ వెనక్కే చూపించాడు. ఆవిడ మళ్ళీ గొంతే చూపించింది. తాతకి దగ్గులు నేర్పినట్టు, జీవితమంతా ఈ గోడతో గడిపిన మనిషికి ఈయన గోడ సంగతి చెబుతున్నాడు. మేస్త్రి ముఖం ఎర్రబడింది. ఆ మొండిముఖం చూసి మేస్త్రమ్మకి ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళయింది దాన్ని చూసి.

సన్యాసిని వాదన పెంచలేదు. గోడ చివర ఆనించి ఉన్న చిన్న చెక్క నిచ్చెన వైపు చూపించింది. కావాలంటే ఎక్కి నువ్వే చూసుకో అన్నట్టు.

మేస్త్రమ్మ గుండెల్లో రాయి పడింది. ఆరే మెట్లు. అయినా నిచ్చెన నిచ్చెనే, కింద పరిచింది రాయే. మేస్త్రి దాని దగ్గరికి నడిచి వెళ్ళాడు, చేతికర్ర గోడకి ఆనించాడు, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు, ఆగిపోయాడు. "వద్దండీ, వచ్చెయ్యండి" అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆయన ఆగిపోతాడు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఆగాక ఇక ఎప్పటికీ నిచ్చెన ఎక్కడనీ తెలుసు.

ఆవిడ ఆ మాట మింగేసి, వెళ్ళి నిచ్చెన ఒక కాలు గట్టిగా పట్టుకుంది. సన్యాసిని కెటిల్ కింద పెట్టి రెండో కాలు పట్టుకుంది.

ఒకటి. రెండు. మూడో మెట్టు మీద రాడ్డు వేసిన కాలు గడగడలాడింది. మేస్త్రమ్మ కళ్ళ ముందు ఆయన మడమ తప్ప ఇంకేమీ లేదు, పగుళ్ళ మడమ, ఊలు మేజోడు జారిపోయి. నాలుగు. అయిదు. ఆరు. ఆయన గోడ మీదికి వంగి అవతలికి చూశాడు.

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏవండీ? కళ్ళు తిరుగుతున్నాయా?"

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో పైనుంచి నవ్వు వినపడింది. ఆసుపత్రికి ముందరి నవ్వు, సింకు కింద నుంచి వచ్చే నవ్వు.

"ఏమేవ్! ఇక్కడ చుక్క మంచు లేదే! కాలవ అద్దంలా ఉంది. ఆవిడే కరెక్టు, నేనే వెధవని! ఓసి, దీని పనితనం చూశావా? కాలవ మొదట్లో వెడల్పుగా ఉండి, పోనుపోను సన్నబడుతోంది. నీళ్ళు తగ్గేకొద్దీ దారీ తగ్గించాడు! అందుకే మొదటిదానికెంతో చివరిదానికీ అంతే. మోటారు లేదు, వాల్వు లేదు, నూట ఎనిమిదికీ ఒకటే ప్రెషర్! నేను నాలుగు కుళాయిలకి సమానంగా ఇవ్వడానికి నానా గడ్డీ కరిచేవాణ్ణి కదే! ఎవడయ్యా నువ్వు, ఏ తల్లి కన్నదయ్యా నిన్ను!"

అంటూ నిచ్చెన మీద నుంచే, రెండు చేతులూ వదిలేసి, కాలవకి దండం పెట్టాడు. కింద మేస్త్రమ్మ కెవ్వుమంది. "చేతులు! చేతులు పట్టుకోండి ముందు!"

ఆయన దిగి తిన్నగా సన్యాసిని ముందుకెళ్ళి నిలబడ్డాడు, తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా. ఆవిడ నవ్వలేదు, గెలిచానన్న ఠీవీ చూపలేదు. ఆయన కుడిచెయ్యి అందుకుని, వేళ్ళు మడిచి, ఆ కణుపులతో ఎద్దు నొసటి మీద కొట్టించింది. ఖంగుమంది. తర్వాత గొంతు మీద కొట్టించింది. మొద్దుగా, మూగగా మోగింది. గడ్డ అక్కడుంది. మేస్త్రి కళ్ళు పెద్దవయ్యాయి. పైపుని చెవితో చూడాలిరా అని చిన్నప్పుడు ఆయనకి పని నేర్పిన గురువు ఇలాగే చెయ్యి పట్టుకుని కొట్టించేవాడట. ఆ సంగతి మేస్త్రమ్మ కనీసం వందసార్లు వినీ వినకుండా విని ఉంటుంది.

సన్యాసిని తన మెళ్ళో శాలువ తీసి వేడినీళ్ళలో ముంచి ఇచ్చింది. మేస్త్రి దాన్ని ఎద్దు గొంతుకి చుట్టి పట్టుకున్నాడు. ఆవిడ ఎద్దు మూతిలో వేడినీళ్ళు ధార తెగకుండా పోసింది. ఒకరి మాట ఒకరికి తెలియదు గానీ, ఎప్పుడు పొయ్యాలో ఎప్పుడు ఆపాలో ఇద్దరికీ తెలుసు. అయిదు నిమిషాలకి వేలెడంత మంచుముక్క జారి రాతి మీద పడింది. వెనకే నీళ్ళు ఎగజిమ్మి మేస్త్రి ముఖం నిండా కొట్టాయి. సన్యాసిని ఎద్దు నొసటి మీద అరచెయ్యి ఆనించి ఏదో గొణిగింది. మేస్త్రి కూడా అరచెయ్యి ఆనించాడు.

"ఇంక పది నిమిషాలే!" మేనేజరు విజిల్.

నూట ఎనిమిది ధారల కింద నుంచి పది నిమిషాల్లో పరిగెత్తుకు పోవచ్చు, పక్కన ఇంకెవరైనా అయితే. మేస్త్రి ప్రతి ధార కిందా ఆగాడు. "చూడు, అంతే ఉంది. ఇదీ చూడు, అంతే." మేస్త్రమ్మకి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చీర ఒంటికి అతుక్కుని మంచుగడ్డలా ఉంది. అయినా మాట్లాడకుండా ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది. అరవై మూడో దాని కింద ఇద్దరూ కాస్త ఎక్కువసేపే నిలబడ్డారు.

బట్టలు మార్చుకుని లోపలికి వెళ్ళారు. పూజారి ఒకవైపు తన మంత్రం చదువుతున్నాడు. రెండోవైపు అదే సన్యాసిని దీపం ఎగదోస్తూ తన మంత్రం చదువుకుంటోంది. విగ్రహం ఒకటే.

"ఒక ట్యాంకుకి రెండు కనెక్షన్లు" అన్నాడు మేస్త్రి పెళ్ళాం చెవిలో. "నలభై ఏళ్ళ సర్వీసులో, తగువు లేకుండా రెండిళ్ళకి ఒక ట్యాంకు సాగడం నేనెక్కడా చూళ్ళేదే."

మేస్త్రమ్మ చేతులు జోడించింది. ఏదో అడగాలని వచ్చింది, మిగిలిన సగం గురించి. ఇప్పుడు అడగడానికేమీ లేదు. "నా మాట నేను నిలబెట్టుకున్నాను, నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. చెల్లుకి చెల్లు" అని స్వామితో చెప్పి, బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది.

తిరుగు జీపులో మేస్త్రి కాలవ గురించి మొదలుపెట్టాడు. కాలవ నుంచి రాళ్ళ అతుకులకీ, అతుకుల నుంచి ఇత్తడి పోతకీ, అక్కణ్ణించి వంటింటి కుళాయికీ వెళ్ళాడు. దానికి వాషర్ మారిస్తే చాలదట, అది కూర్చునే చోటే అరిగిపోయిందట, ఇల్లు చేరగానే చూస్తాడట. ఏడు నెలలుగా ఆయనకి తెలుసన్నమాట. హెడ్మాస్టారు కునుకు కోసం ఎడమకి తిరిగారు, కుడికి తిరిగారు, మఫ్లరు చెవులకి చుట్టుకున్నారు. చివరికి ముందుసీటు వైపు దీనంగా చూశారు.

మేనేజరు వెనక్కి వంగి మెల్లగా అన్నాడు. "పిన్నిగారూ, బాబాయిగారిని కాస్త ఆపుతారా? మాస్టారికి నిద్ర పట్టట్లేదట."

"రెండేళ్ళు ఆగారు నాయనా" అంది మేస్త్రమ్మ. "ఇక ఆపడం నా వల్ల కాదు."

ఆ మాటకి మేస్త్రి నిజంగానే ఆగాడు, గతుకుల్లో జీపు ఎగిరిపడుతుంటే ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ శాలువ సర్దుకుని ఆయన వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"ఊఁ, చెప్పండి. ఆ కాలవ మొదట్లో ఎంత వెడల్పన్నారు?"