భోజన వసతి కలదు

"అరవై మందే గదా, ఎంత సేపు పడతాదిలే" అన్నాడు రామనారాయణ, వసారాలో సైకిలుకు స్టాండు వేస్తూ.

ప్రమీలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. పోయినేడు నలభై మందే గదా అన్నాడు. ఆ ముందేడు పాతిక మందే గదా అన్నాడు. ఏడాదికేడాది తినేవాళ్ళు పెరుగుతున్నారు గానీ వండే మనిషి మాత్రం ఒక్కతే, ఆ ఒక్కతెకూ ఉన్నవి రెండు చేతులే. ఇంత చిన్న సంగతి కాలేజీలో చరిత్ర చెప్పే మనిషికి ఎందుకు తట్టదో ఆమెకు ఎప్పుడూ అర్థం కాదు.

"పులిహోర, పప్పు, ఒక కూర, మజ్జిగ. ఆడంబరాలేం పెట్టుకోబాకు. మనది సదస్సు, పెళ్ళి గాదు" అంటూ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

పెళ్ళయితే వంటవాళ్ళను పెడతారు. సదస్సు కాబట్టి ప్రమీలమ్మను పెట్టారు. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. ఆత్మకూరులో ఈ ఇంటికి కాపురానికి వచ్చాక ఆమె అన్నం కంటే ఎక్కువగా మింగినవి మాటలే.

"ఏ ఆదివారం?" అని మాత్రం అడిగింది.

"పద్దెనిమిదో తేదీ. జడ్జి గారికి ఆ ఒక్కరోజే తీరిక. నెల్లూరు నుంచి కార్లో వస్తానన్నాడు."

చేటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పద్దెనిమిదో తేదీ ఆదివారం ఆమె పరీక్ష. కొత్తగా పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయంవాళ్ళు, ఇంటరు పాస్ కాకపోయినా సరే, ఒక ప్రవేశ పరీక్ష రాసి నెగ్గితే ఇంటి దగ్గరే ఉండి బి.ఏ. చదువుకోనిస్తారట. ఆమె ఉదయగిరిలో పదో తరగతి బడి మొత్తానికి రెండో మార్కుతో పాసయింది. ఇంటరు మొదటి ఏడు సగంలో ఉండగా పెళ్ళయింది. "చదువుకున్నోడమ్మా, నిన్ను చదివిస్తాడు" అని నాయన నమ్మకంగా చెప్పాడు. పదమూడేళ్ళు గడిచాయి. ప్రతి జూన్ నెలకూ ఒక అడ్డం వచ్చింది. ఒక ఏడు మొదటి కాన్పు, ఇంకో ఏడు రెండో కాన్పు, తర్వాత మామ జబ్బు, ఆ తర్వాత ఈయనగారి పై చదువు. ఈసారి పేపర్లో ప్రకటన చూసి తానే దరఖాస్తు తెప్పించుకుని, తానే నింపి పంపింది. హాల్ టికెట్ వచ్చిన రోజు ఆయనకు చూపించింది. తేదీ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ "మంచిది, మంచిది" అన్నాడు, పేపరు మీంచి చూపు తీయకుండా.

"ఆ రోజు నా పరీక్షండీ. నెల్లూరులో."

"అరెరె" అన్నాడాయన. నిజంగానే నొచ్చుకున్నాడు. "మర్చేపోయినాను చూడు. ఇప్పుడేం చేద్దాం? పరీక్షలు వచ్చే ఏడు గూడా పెడతారు. జడ్జి గారు మళ్ళా వస్తాడా?"

వంటింటి గడపలో కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తున్న అత్త వెంకమ్మ అందుకుంది. "పిల్లోళ్ళు రాసే పరీక్షలు నువ్వు రాసేదేందమ్మే? రేపు నీ కూతురూ నువ్వూ ఒక్క బెంచీలో కూచుంటారా ఏంది?"

రామనారాయణ చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. తాగడు, చెయ్యెత్తడు, కట్నం పుచ్చుకోలేదు. రిక్షావాడితో బేరమాడడు. ఎక్కడ అన్యాయం జరిగినా అర్జీ రాస్తాడు. ఊళ్ళో ఆడవాళ్ళు "నీకేం తక్కువమ్మా" అంటారు. ఆ మాట వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. తాగి వచ్చి కొట్టే మొగుడైతే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. మానవ హక్కుల మీద సదస్సులు పెట్టే మొగుడి గురించి ఎవరికి చెప్పుకోవాలి? చెప్పినా వినే దిక్కేది?

పోయినేడు సదస్సు శ్రమ దోపిడీ మీద. నలభై మందికీ తెల్లవారకముందే లేచి వండి, గిన్నెలు రిక్షాలో పెట్టుకుని, సభ జరిగే హాలు వెనక గుమ్మం దగ్గర దిగింది. లోపల ఆయన మైకులో జీతం లేని చాకిరీ గురించి ఉద్రేకంగా మాట్లాడుతున్నాడు. ఆ ప్రసంగం ఆమెకు కంఠతా వచ్చు. తుది ప్రతి రాసింది ఆమే, రాస్తూ రాస్తూ నాలుగు వాక్యాలు సరిదిద్దింది కూడా. ఆమె దిద్దిన వాక్యం దగ్గరే చప్పట్లు మోగాయి. భోజనాలయ్యాక ఆమెను వేదిక మీదకు పిలిచారు. ముఖ్య అతిథికి శాలువా కప్పారు. ఆమెకు సంఘం తరఫున ఉదయగిరి చెక్క గరిటె ఒకటి బహూకరించారు, పిడి మీద పువ్వులు చెక్కినది. ఉదయగిరిలో పుట్టిన పిల్లకు ఉదయగిరి గరిటె! వాళ్ళ పక్కవీధి అల్లాబకాష్ మామ అలాంటివి చెక్కుతుంటే, ఆ చెక్కపొట్టులో ఆడుకుంటూ పెరిగింది ఆమె. అందరూ చప్పట్లు కొడుతుంటే గరిటె పట్టుకుని నవ్వుతూ నిలబడింది. ఎందుకు నవ్వానా అని ఏడాదిగా తనను తానే తిట్టుకుంటోంది. ఆయన దాన్ని వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఇంటికి వచ్చినవాళ్ళకల్లా చూపిస్తాడు.

సదస్సు సంగతి చెప్పిన మర్నాడు సాయంత్రం స్టెన్సిల్ కాగితమూ, ఇనుప ముల్లున్న కలమూ, తాను రాసిన చిత్తు ప్రతీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కాలేజీలో తెలుగు టైపు మిషను లేదు. ఆహ్వానాలు స్టెన్సిల్ మీద చేత్తో రాసి, సైక్లోస్టైల్ యంత్రంలో తిప్పించుకోవాలి. ఆ మైనపు కాగితం మీద రాయడం అందరికీ చేతకాదు. గట్టిగా నొక్కితే చిరుగుతుంది, తేలిగ్గా రాస్తే అచ్చు పడదు. సున్నా చుట్టేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి, లోపలి ముక్క ఊడి వచ్చేస్తుంది. పదేళ్ళుగా ఈ పని ప్రమీలమ్మదే. "మా ఆమె చేతిరాత అచ్చు గుద్దినట్టుంటాది" అని ఆయన అందరితో గొప్పగా చెప్పుకుంటాడు.

పిల్లలు నిద్రపోయాక ఇత్తడి పళ్ళెం బోర్లించి, దాని మీద కాగితం పరుచుకుని కూర్చుంది. "విద్యార్థి సదస్సు. మానవ హక్కులు, సామాజిక న్యాయం" అని పెద్ద అక్షరాలతో రాసింది. ఉదయం తొమ్మిదిన్నరకు ప్రారంభం, జడ్జి గారి ప్రసంగం, చర్చ, తీర్మానాలు, అన్నీ వరసగా రాసుకుంటూ వచ్చింది. చిత్తు ప్రతిలో ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ముల్లు పైకెత్తింది. "ప్రతినిధులకు మధ్యాహ్న భోజన వసతి కలదు."

కలదట. ఎక్కడ కలదు? చెట్టుకు కాసి కలదా, బావిలో ఊరి కలదా? పదిహేను శేర్ల బియ్యం ఏరాలి, కడగాలి. చింతపండు పిసకాలి. వంకాయలు తరిగి తరిగి వేళ్ళు నల్లబడాలి. పొగకు కళ్ళు మండాలి. నడుం పట్టేసినా ఎవరూ అడగరు, అడిగితే "ఇంకొంచెం పులుపు తగిలుంటే బాగుండేది" అంటారు. ఇవన్నీ కలిపి ఆయనగారు 'కలదు' అని ఒక్క గీతలో రాసేశాడు. పద్దెనిమిదో తేదీ ఆమె జీవితంలో కూడా ఒకటి కలదు, దాన్ని మాత్రం మర్చేపోయినాను చూడు అన్నాడు. తనకు ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఈ ఏడు పోతే వచ్చే ఏడు ఏ జడ్జి వస్తాడో, ఏ సదస్సు వస్తుందో! వచ్చే ఏడు ఎనభై మందే గదా అంటాడు, అంతే గదా?

ముల్లు దించింది. సున్నాలన్నీ ఊడిపోకుండా, అచ్చు గుద్దినట్టు ఇలా రాసింది: "ప్రతినిధులు, ఆహ్వానితులు మధ్యాహ్న భోజనము ఎవరికి వారే తెచ్చుకొనవలెను."

రాశాక దాన్నే రెండుసార్లు చదువుకుంది. తప్పులు దిద్దే ఎర్రమందు సీసా పక్కనే ఉంది. ఒక్క పూత పూస్తే ఆ వాక్యం మూసుకుపోతుంది, పైన మళ్ళీ రాసుకోవచ్చు. సీసా మూత తీసింది కూడా. ఆ ఘాటైన వాసన తగిలి, మళ్ళీ బిగించి పెట్టేసింది.

పొద్దున్నే కాగితం ఆయన చేతికిచ్చి "ఒకసారి చూసుకోండి" అంది.

"నీ రాత నేను చూసేదేందే?" అని చుట్ట చుట్టి తీసుకుపోయి అటెండరు వరప్రసాదానికి ఇచ్చాడు. సాయంత్రానికి నూటయాభై ప్రతులు తయారై, ఉదయగిరికీ కలిగిరికీ జలదంకికీ పోస్టులో వెళ్ళిపోయాయి. ఒక ప్రతి మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జడ్జి గారినీ, తోటి లెక్చరర్లు ఆరుగురినీ నోటితోనే పిలిచాడు.

తర్వాత రెండు వారాలు ప్రమీలమ్మ భయపడుతూనే ఉంది. ఆయన జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఇప్పుడు చదువుతాడు, ఇప్పుడు అరుస్తాడు అనుకునేది. చదవలేదు. చొక్కా ఉతకడానికి వేసినప్పుడు ఆ కాగితం తానే తీసి, ఉతికాక మళ్ళీ అదే జేబులో పెట్టింది. పోనుపోను భయం పోయి చిరాకు పట్టుకుంది. ఒక్కసారి విప్పి చూస్తే ఏం పోయింది? చూసి తిట్టినా బాగుండేది. తిడితే తానూ నాలుగు అనేది, ఆ నాలుగు మాటలూ పదమూడేళ్ళుగా సిద్ధంగానే ఉన్నాయి. తిట్టడం కంటే చూడకపోవడమే ఆమెకు ఎక్కువగా తగిలింది.

ఆయన మాత్రం రోజూ సాయంత్రం వసారాలో పచార్లు చేస్తూ ప్రసంగం బట్టీ పట్టాడు. "ప్రతి మనిషికీ విశ్రాంతి హక్కు! ప్రతి మనిషికీ గౌరవంగా జీవించే హక్కు!" అని గొంతెత్తి చదువుతుంటే వెంకమ్మ గోడకు ఆనుకుని, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ వినేది. శుక్రవారం బియ్యం మూటా, కందిపప్పూ ఇంట్లో దింపించాడు. ప్రమీలమ్మ మూట కట్టు విప్పలేదు. శనివారం అన్నం వడ్డిస్తూ చివరిసారి చెప్పింది. "రేపు నేను పరీక్షకు పోతుండానండీ. పదకొండు గంటలకు."

"ఇంకా అదే పాటేనా? నాలుగింటికి లేచి పొయ్యి ముట్టిస్తే పదకొండుకల్లా అయిపోతాది. అప్పుడు పో" అన్నాడు. నెల్లూరు రెండు గంటల ప్రయాణం. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆమె మజ్జిగ పోసింది.

ఆదివారం ఆరున్నరకు ఆమె తలస్నానం చేసి, గంజిపెట్టిన చీర కట్టుకుని, సంచిలో హాల్ టికెట్టూ రెండు కలాలూ సర్దుకుంది. పొయ్యి మీద కాఫీకి తప్ప ఇంక దేనికీ నిప్పు పడలేదు. సదస్సు బ్యానరు తీసుకుపోవడానికి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. విద్యార్థి సంఘం కార్యదర్శి తిరుపాలు, అనుమసముద్రంపేట నుంచి మొదటి బస్సులో వచ్చిన జీనత్. ఇద్దరి చేతుల్లోనూ క్యారియర్లున్నాయి.

పళ్ళు తోముకుంటూ వచ్చిన రామనారాయణ నోట్లో నురుగు ఉమ్మేసి అడిగాడు. "ఆ క్యారియర్లేంది?"

"అన్నం సార్. నేనే చేసుకున్నా" అంది జీనత్.

"మాది మా అమ్మ చేసిచ్చింది సార్" అన్నాడు తిరుపాలు.

ఆ మాటకు ప్రమీలమ్మ మనసు చివుక్కుమంది. ఈ పొద్దు ఎన్ని ఊళ్ళల్లో ఎందరు అమ్మలు పొయ్యి ముట్టించారో! తన చాకిరీ మాయం కాలేదు, వాటాలుగా పంచుకుపోయింది. అయినా తలా ఒక క్యారియరే గదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. అది పూర్తిగా సర్దుకోలేదు.

"అన్నమెందుకు తెచ్చినార్రా? ఇక్కడ వంట చేస్తాండారు గదా!"

"కాగితంలో రాసుండాది గదా సార్, ఎవరికి వారే తెచ్చుకోవాలని. కలిగిరోళ్ళు గూడా తెస్తాండారు. రూలు బాగుండాదన్నారు సార్, ఎవరి కష్టం వాళ్ళదేనని."

రామనారాయణ కొక్కేనికున్న చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. రెండు వారాలు మోసిన కాగితాన్ని మొదటిసారి చదివాడు. తర్వాత చల్లారిన పొయ్యి వైపూ, విప్పని మూట వైపూ, ఆమె కట్టుకున్న చీర వైపూ చూశాడు.

"ఇది నీ రాతే గదా?"

"నా రాతే."

"నేను ఇట్టా రాయలేదే!"

"మీరు రాయలేదు, నేనే రాసినాను. చూసుకోండి అని గూడా చెప్పినాను."

విద్యార్థుల ముందు గొంతు పెంచలేక ఆయన ముఖం ఎర్రబడింది. "మరి జడ్జి గారికేం పెట్టాల? మా వాళ్ళకేం పెట్టాల?" అని, జవాబు కోసం ఆగకుండా తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా లెయ్. కాసింత పప్పూ అన్నం పడెయ్."

వెంకమ్మ కోడలి వైపు ఒకసారి చూసింది. కాళ్ళు ఇంకొంచెం బారజాపుకుంది. "విశ్రాంతి హక్కుండాదంట గదా నాయనా, ప్రతి మనిషికీ! రెండు వారాల నుంచీ నువ్వే అరిచి అరిచి చదువుతుండావు. నేను మనిషిని గానా?"

జీనత్ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ప్రమీలమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడున్నర బస్సుకు పావుగంటే ఉంది. వంటింట్లోకి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న చెక్క గరిటె తీసి, పమిటకొంగుతో దుమ్ము తుడిచింది. తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"అరవై మందేం గాదు. జడ్జి గారు, మీ వాళ్ళు ఆరుగురు, మీరు. ఎనిమిది మందే గదండీ" అంది, సంచి భుజానికి తగిలించుకుని గడప దాటుతూ. "ఎంత సేపు పడతాదిలే."