వాసెన విప్పని సీసాలు

రాజేశ్వరమ్మ కోడలు కళావతి సారాయంగట్లో పనిచేస్తుందంట, నేలమాళిగలో చీకట్లో సీసాలు కడుగుతుందంట అని పక్కింటి సత్యమ్మ ఆంటీ గుడిలో అన్నదట, ఆ మాట నా స్నేహితురాలు రచన నిన్న నవ్వుకుంటూ మోసుకొచ్చింది, కడగడమేమిటి, ఈ వైను సీసాలకు తడిగుడ్డ కూడా తగలనివ్వను నేను, దుమ్ము దుమ్ముగానే పడుకోవాలి అవి, బిరడా ఎండిపోకుండా అడ్డంగా, వెలుతురు పడకుండా, బయట ఈ దొరల దేశపు వాట్‌ఫర్డ్ వీధిలో బస్సులు గొణుగుతున్నా ఇక్కడ మాత్రం ఎండాకాలం చలికాలం ఒకటే చల్లదనం, పూర్వం బొగ్గు పోసుకున్న గది కదా, గోడలకింకా ఆ వాసనే, కళా, ఇక తీయనా అంటున్నాడు అంగడి యజమాని నైజెల్, చేతిలో ఓపెనర్, ఆగు అన్నాను, తొమ్మిదేళ్లు ఆగినవాళ్లం, ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగలేమా, అప్పుడు సరుకు కొనడానికి నైజెల్‌తో వెళ్లింది ఆల్ప్స్ కొండల్లో సవ్వా అనే మూలకి, పేరు చెబితే ఇక్కడ వైను తాగేవాళ్లే నొసలు ముడేస్తారు, నిట్రంగా నిలబడ్డ రాళ్ల వాలు, అది చూడగానే మదనపల్లె దగ్గర మా నాయన వేరుశనగ వేసిన గుట్టచేను గుర్తొచ్చి కాళ్లు నిలిచిపోయాయి, అక్కడి మోందూజ్ ద్రాక్ష ఎర్రవైను గుక్కెడు తాగితే పచ్చి ఉసిరికాయ కొరికినంత వగరు, పైన మిరియం ఘాటు, కొండ సరుకు, ఇప్పుడే తాగేయాలి, దాస్తే పులిసి చస్తుంది అన్నాడు నైజెల్, వగరున్నదే నిలవుంటుంది, మెత్తటిది ముందు చెడుతుంది అన్నాను నేను, ఉసిరికాయ ఊరగాయ తిని పెరిగినదాన్ని, సరే, నీ పూచీ, చెడితే మాత్రం ఇక సరుకు ఎంచే పని నీకు లేదు, కౌంటర్లోనే కూర్చోవాలి అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, అయినా అన్నాడు, ఏటా ఒకటి తీసి చూడటం వీళ్ల పద్ధతి, నేను తీయనివ్వలేదు, మాటిమాటికీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి చూసిన ఊరగాయ జాడీ బూజు పడుతుందని కాపురానికొచ్చిన కొత్తలో చేతిమీద ఒక్కటేసి చెప్పింది అత్తమ్మ, ఒక సీసా తీస్తే పక్క సీసాకేమవుతుంది, ఏమీ కాదు, చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు, అయినా తీయనివ్వలేదు, అందుకే లోపల బతికుందో చచ్చిందో ఈ క్షణం దాకా నాకూ తెలియదు.

ఇవాళే అత్తమ్మ కూడా ఇక్కడుండాలా, జీపీ డాక్టరు దగ్గర బీపీ చూపించుకున్నాక ఇంటిదగ్గర దించే టైము లేక వెంట తెచ్చాను, పైన కూర్చోమంటే గాజు తలుపుల్లోంచి మనవాళ్లెవరైనా చూస్తారని ఈ మెట్లన్నీ దిగింది, నేను ఫుడ్ కంపెనీలో ఉన్నానని ఊరంతా చెప్పుకున్న మనిషి, కుర్చీలో బిగుసుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది, తీయి అన్నాను నైజెల్‌తో, బిరడా నిట్టూర్చినట్టు వచ్చింది, అడుగున మడ్డి కదలకుండా నేనే వంచాను, గ్లాసులో అప్పటి నేరేడు నలుపు పోయి అంచున ఇటుక రంగు, నైజెల్ పుక్కిట పట్టాడు, కళ్లు మూసుకున్నాడు, మింగాడు, చచ్చిందా, కౌంటరేనా ఇక, మళ్లీ ఒక గుక్క తాగాడు, నేనే పొరబడ్డాను కళా, ఆ కొండరైతుకు ఫోను చెయ్యి, ఎంత ఇస్తే అంత మనకే అన్నాడు.

ఈ మాట కోసమే కదా ఇన్నేళ్లు, మరి నా చెవి అటు లేదేం, కుర్చీ వైపుందేం, అత్తమ్మ కొంగు దించింది, ఆ గ్లాసు ఇట్లా తే అంది, తాగలేదు, జాడీ మూతి దగ్గర పెట్టినట్టే ముక్కు పెట్టింది, వగరు ఇరిగిందే, ఘాటు మాత్రం పోలా, ఎన్నేండ్లు పెట్నావు, తొమ్మిదేళ్లత్తమ్మా, నడమ ఒకసారన్నా మూత తీసి సూడలా, లేదు, మీరు కొడతారని, అన్నాను, ఫక్కున నవ్వింది, నైజెల్‌కు అర్థం కాక తనూ నవ్వాడు, పందెం గెలిచింది అతని నాలుక మీద, కానీ నేను ఎదురుచూసిన తీర్పు ఈ ముక్కుది, ఇంతలో అత్తమ్మ ఫోను, పక్కింటి సత్యమ్మ ఆంటీ, స్పీకరు నొక్కడం ఒక్కటే వచ్చు అత్తమ్మకు, ఏమక్కా, బీపీ ఎంతుందన్నారు, ఇంకా ఇల్లు చేరలేదే, కోడలు ఫుడ్ కంపెనీ చూపించడానికేమన్నా తోలుకపోయిందా అంటోంది, గొంతులో నవ్వు దాచుకుంటూ, అత్తమ్మ గ్లాసు జాగ్రత్తగా నా చేతికిచ్చింది, సారాయంగట్లో ఉండా సత్యమ్మా, నా కోడలుండే అంగడి, ఏం, నీకేమన్నా కావాల్నా, అంది.