నిమ్మకాయ కంటే చిన్న ఇంజిన్

దొరస్వామి పాకాలలో రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర నలభై ఏళ్ల నాటి బొమ్మ ఇంజిన్ ఒకటుంది. అరచేతిలో పడుతుంది, కరెంటుతో నడుస్తుంది. దాని మోటారు కాలిపోతే కొత్తది ఎక్కడా దొరకలేదు. తిరుపతిలో ఫ్యాన్లు బాగుచేసే ఏబెల్ మూడు వారాలు కూర్చుని దానికి తీగ చుట్టాడు.

"చక్రం ఆగితే వెంటనే స్విచ్చి ఆపేయాల సామీ. ఇంగోసారి కాలితే నా వల్ల గాదు," అన్నాడు.

"నాకే జెప్తాండావా అప్పా? ముప్పై రెండేండ్లు రైలు నడిపినా. ఒక్క యాక్సిడెంటు లేదు."

ఆదివారం పాత డ్రైవర్లు నలుగురు ఇంజిన్ చూడటానికి దొరస్వామి ఇంటికి వచ్చారు. ఏబెల్ కూడా వచ్చాడు. రిపేరై వచ్చిన బండి కాబట్టి చక్రాల కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలన్నాడు దొరస్వామి. కాయ ఇంజిన్ కంటే పెద్దది. అందుకని ముక్క కోసి చక్రాల కింద దూర్చి స్విచ్చి వేశాడు. చక్రం కదల్లేదు.

"ఆపేయండి సామీ," అన్నాడు ఏబెల్.

"తొక్కకుండా ఆపితే అపశకునం. ఉండు."

ఇంజిన్ పైనుంచి పొగ వచ్చింది. పాత డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

"పొగ గూడా పెట్టినావే ఏబెలూ," అన్నాడు ఒకాయన.

ఏబెల్ వెళ్లి ప్లగ్గు పీకాడు. దొరస్వామి ఇంజిన్‌ను తువ్వాలుతో పట్టుకుని పైకి తీశాడు.

"యాక్సిడెంటు మాత్రం గాలేదు," అన్నాడు.