పొగమంచులో దిగినావిడ

పొయ్యి మీద కూరకి మంట తగ్గించి, తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ ఆమె పక్కనే ఉన్న రేడియో గదిలోకి నడిచింది.

ఉద్యోగం భర్తది. ఆ చిన్న విమానాశ్రయానికి రేడియో ఆపరేటర్ ఆయనే. జీతం, టోపీ, బల్ల మీద పేరు అన్నీ ఆయనవే. ఆయన టీ కొట్టు దగ్గర కబుర్లలో పడ్డప్పుడల్లా మైకు ముందు కూర్చునేది మాత్రం ఆమె. రోగుల్ని తీసుకెళ్ళే విమానానికీ, పొలాల మీద మందు చల్లే విమానానికీ గాలి ఎటు వీస్తోందో చెప్పేది. పెద్ద ఆఫీసు వాళ్ళు వచ్చారంటే, "నువ్వు లోపలికెళ్ళు, కాఫీ సంగతి చూడు" అనేవాడాయన. అత్తగారైతే, "ఆకాశంలో వాళ్ళ గొడవ నీకెందుకమ్మా, ఇక్కడ ఇల్లు ఊడ్చే దిక్కు లేదు" అని సాగదీసేది. బాగా చేశావని ఎవరూ అనలేదు. అంటారేమోనని తను ఇన్నాళ్ళూ చెవులు రిక్కించుకుని ఉందని ఈమధ్యే గమనించి, తనలో తనే సిగ్గుపడింది.

ఎన్నో ఏళ్ళ కిందట ఈ మైదానం నుంచి మొదటిసారి ఎగిరింది ఓ మొగుడూపెళ్ళాల జంట. షెడ్డులో ఇద్దరూ కలిసి విమానం కట్టుకున్నారట. ఊరు చెప్పుకునే చరిత్ర అంతా ఆ మొగుడిదే. ఆవిడ గురించి ఒక్క ముక్కే: పొగమంచులో ఒంటరిగా ఎగిరింది, తిరిగి రాలేదు.

ఆ మధ్యాహ్నమూ మంచు కమ్మేసింది. రేడియో గరగరలాడింది.

"కింద ఎవరైనా ఉన్నారా? నేల కనిపించట్లేదు."

ఆడగొంతు. ఆ వేళకు రావలసిన విమానమేదీ లేదు.

"ఉన్నాను. మీది ఏ విమానమండీ?"

"మేం కట్టుకున్నదే. మా షెడ్డు కనబడితే దిగిపోతాను."

షెడ్డు కూలగొట్టి ఏళ్ళు గడిచాయి. ఆ కాలపు విమానంలో రేడియో కూడా ఉండేది కాదు.  కానీ పైనున్న మనిషి భయపడుతోంది. అది తెలిశాక ఆమె ఇంకేమీ ఆలోచించలేకపోయింది.

"కంగారుపడకండి. దీపాలు వేశాను. గాలికి ఎదురుగానే వస్తున్నారు. మెల్లగా దిగండి. ఇంకాస్త."

కప్పు మీదుగా ఇంజను టకటకమంటూ పోయింది. కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత చప్పుడు లేదు.

బయటికెళ్ళి చూసింది. తడిగడ్డి మీద రెండు చక్రాల జాడలు, వాటి మధ్య విమానం తోక ఈడ్చుకుపోయిన సన్నటి గీత. జాడల చివర విమానం లేదు.

అప్పుడే వచ్చిన భర్త ఆ గీతను చూసి నిలబడిపోయాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన, "ఎవరన్నా అడిగితే నేనే దింపానని చెప్పు" అన్నాడు.

గదిలో రేడియో మళ్ళీ పలికింది. "నన్ను దింపినావిడ ఏదీ?"

ఆయన ఆమెను తోసుకుంటూ వెళ్ళి మైకు అందుకున్నాడు. "ఆపరేటర్ని మాట్లాడుతున్నా. మిమ్మల్ని దింపింది నేనే."

గరగర. ఆ గొంతు, అలసటగా: "విమానం తానొక్కడే కట్టానని మా ఆయనా ఇలాగే అనేవారు. ఆవిడ్ని పిలవండి."

ఆయన మైకు వదిలేసి వెనక్కి జరిగాడు. "ఆపెయ్ ఆ రేడియోని. ఇంట్లోకి పద."

ఆమె వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది.

"మీరు వెళ్ళండి. నేను డ్యూటీలో ఉన్నాను" అని, మైకు దగ్గరికి లాక్కుంది. "చెప్పక్కా, వింటున్నాను."