కడుపు నిండిన కాకులు

మా సేటు బుచ్చిరాములు తల్లి రాజమణమ్మ పోయిన మూడోనాడు పొద్దున్నే నేను మటన్ దుకాణం నుంచి పేగులూ తునకలూ తెచ్చి, కామత్‌ఘర్ చెరువు అవతలి గట్టున కాకులకు కడుపు పగిలేలా పెట్టాను. ముసలమ్మ మీద నాకు కోపం లేదు. కోపమంతా కొడుకు మీదే.

నా పెనిమిటి నాగయ్య నూలు దుమ్ములో సేటు సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపీ నడిపీ ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. దవాఖానకు పైసలిస్తానని సేటు ఒప్పుకున్నాడు. కానీ చేతికివ్వడు. ఉచిత వైద్య శిబిరం పెట్టి, స్టేజీ మీద ఫొటో దిగుతూ ఇస్తాడట. ఆయనకు పుణ్యమూ కావాలి, పేపర్లో బొమ్మా పడాలి. ముఖ్య అతిథికి తీరిక దొరక్క శిబిరం వాయిదా పడుతూ పోయింది. నాగయ్య ఆగలేకపోయాడు. ఇప్పుడు నా కొడుకు భీమ్‌రావుకూ అదే దగ్గు. సేటు మళ్లీ శిబిరం దాకా ఆగమన్నాడు.

ఆ రోజు ఇవతలి గట్టు మీద పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, పూరీలు, ముసలమ్మకు ఇష్టమైన కల్లు. కాకి ముడితేనే పోయినవాళ్ల మనసు శాంతించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఒక్క కాకీ దిగలేదు. సేటు చేతులు జోడించి గుడికి గంట కట్టిస్తానన్నాడు, చెల్లెలికి బంగారం పెడతానన్నాడు. కాకులు గట్టు పక్క గోడ మీద కూర్చుని ముక్కులు రుద్దుకుంటున్నాయి. చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు. సేటు చొక్కా చెమటకు తడిసిపోయింది. చూస్తుంటే నా కడుపు చల్లబడింది.

అప్పుడు ముందుకు వెళ్లాను.

"సేటూ, అవ్వకు కూలోళ్ల దగ్గు ఇనవడుతున్నట్టున్నది. స్టేజీ లేకుంట, ఫొటో లేకుంట అందరి దవాఖాన ఖర్చు ఇస్తనని ఒట్టు వెయ్యి."

చచ్చిన తల్లి ముందు, కులం ముందు వేసే ఒట్టు. తప్పితే మళ్లీ తలెత్తుకు తిరగలేడు. అయినా వేశాడు. ఆయన కొడుకు భూషణ్ అప్పటికప్పుడే మా భీమ్‌రావును ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు.

నేను అక్కడితో ఊరుకోవచ్చు. కాకులు మాత్రం రాలేదు, తిన్నది అరగాలి కదా. ఇంకేం చెయ్యాలన్నట్టు సేటు నా మొహంలోకి చూశాడు.

"నాగయ్యను ఎవలు సంపిన్రో చెప్పు," అన్నాను.

సేటు విస్తరి ముందు కూలబడి, తానేనన్నాడు.

వెనక నిలబడ్డ చుట్టాలకు వినబడలేదు. మళ్లీ చెప్పమన్నాను.